ఆడేవాళ్లు, ఆడించేవాళ్లు

మా చెల్లెలి కూతురు అమెరికాలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో ఎం.ఎస్. చదవడానికి వెళ్తానన్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ అదొక చదువులా అనిపించలేదు. కంప్యూటర్లంటే తెలుసు. ఈ మధ్య డేటా సైన్సంటే కూడా తెలిసింది. "పొలం తాకట్టు పెట్టుకుని ఆటలాడుకోవడానికి వెళ్తావా అమ్మా?" అని మా మరిది నవ్వబోయి నవ్వలేకపోయాడు. "ఆడటానికి కాదు నాన్నా, ఆడించడానికి" అంది తను.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. తెలుగులో ఆడించడం అంత మంచి మాటేం కాదు. తోలుబొమ్మల్ని ఆడిస్తారు, కోతిని ఆడిస్తారు. పెళ్లాన్ని ఆడించేవాణ్ణీ, మొగుణ్ణి ఆడించేదాన్నీ లోకం వేర్వేరు కళ్లతో చూస్తుందనుకోండి, అది వేరే కథ. ఇక మేనేజ్‌మెంట్ అనే మాటకైతే మన వాడుకలో ఇంకా చిత్రమైన అర్థం ఉంది. ఉన్న అరలీటరు పాలతో పదిమందికి టీ పెట్టి "ఎలాగో మేనేజ్ చేశాను" అంటాం. తాగొచ్చిన మొగుడి సంగతి పుట్టింటివాళ్లకి తెలియనివ్వకుండా పంపించేసి కూడా అదే మాట అంటాం. లోటు లోటుగానే ఉంటుంది, బయటికి కనపడకుండా చూసుకుంటామంతే. ఈ విద్యలో ఆడవాళ్లకి యూనివర్సిటీ పట్టా ఎందుకే అని ఆ రోజు వేళాకోళమాడాను. ఆ వేళాకోళం ఏడాదిన్నరగా నన్ను వదలడం లేదు. ఎందుకంటే ఒకప్పుడు నేనూ మేనేజర్నే. ఆ సంగతి చెప్పడానికి ముందు ఈ చదువు ఎలా పుట్టిందో కాస్త చెప్పాలి.

1957లో బ్రూక్లిన్ డాడ్జర్స్ అనే బేస్‌బాల్ జట్టు యజమాని వాల్టర్ ఓమాలీ, జేమ్స్ మేసన్ అనే వ్యాయామవిద్య అధ్యాపకుడికి ఒక ఉత్తరం రాశాడు. స్టేడియంలాంటివో, గుర్రప్పందేల మైదానంలాంటివో నడపడానికి చదువుకుని తయారైన మనిషి కావాలంటే ఎక్కడ వెతకాలి అన్నది దాని సారాంశం. అలాంటి చోటు అప్పటికి లేదు. ఆ ప్రశ్న పట్టుకుని మేసన్ చేసిన ప్రయత్నం వల్ల 1966లో ఒహాయో యూనివర్సిటీలో మొదటి మాస్టర్స్ కోర్సు మొదలైంది. ఉత్తరం రాసిన ఆ ఏడాదే ఓమాలీ తన జట్టుని బ్రూక్లిన్ నుంచి లాస్ ఏంజెలిస్‌కి తరలిస్తున్నట్టు ప్రకటించాడు. జట్టుని తమదనుకున్న జనం ఏళ్లతరబడి అతన్ని క్షమించలేదు. అంటే, యజమాని తనకి పనికొచ్చే మనిషిని తయారుచేసి పెట్టమని యూనివర్సిటీని అడిగాడు, యూనివర్సిటీ సరేనంది. ఆ ప్రశ్నలో ఆడేవాళ్ల ప్రసక్తి లేదు. అదే 1957లో మన దగ్గర గ్వాలియర్‌లో ఝాన్సీ లక్ష్మీబాయి పేరుతో వ్యాయామవిద్యా కళాశాల పెట్టారు. అది టీచర్లని తయారుచెయ్యడానికి. ఇప్పుడు కలకత్తాలోనూ, రోహ్‌తక్ ఐ.ఐ.ఎం.లోనూ స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చెప్తున్నారు. టీచర్ని తయారుచేసే చదువుకీ, మేనేజర్ని తయారుచేసే చదువుకీ మధ్య ఏదో పోయిందని నాకనిపిస్తుంది. తెలుగు పాఠాలు చెప్పుకునే దాన్ని కాబట్టి అలా అనిపిస్తుందేమో కూడా.

ఇక నా సంగతి.

1998 డిసెంబరు. డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా చేరి నాలుగేళ్లయింది. మా యూనివర్సిటీ మహిళల కబడ్డీ జట్టు సౌత్ జోన్ పోటీలకి వెళ్తోంది. ఆడపిల్లల జట్టు వెంట ఒక ఆడమనిషి ఉండి తీరాలని నిబంధన. వ్యాయామ విభాగంలో ఉన్న ఒకే ఒక్క మేడమ్ ప్రసూతి సెలవులో ఉన్నారు. పెళ్లికానిదాన్ని కదా, ఇంటి దగ్గర ఇబ్బందేం ఉండదని నా పేరు రాసేశారు. ఉత్తర్వులో నా హోదా 'లేడీ మేనేజర్'. చిన్నప్పుడు వీధిలో చెడుగుడు కూత విన్నాను తప్ప గీత దాటి బరిలోకి దిగింది లేదు. దాంతో ఎవరికీ పని లేదు. వాళ్లకి కావలసింది జట్టు పక్కన చీర కట్టుకుని నిలబడే ఒక మనిషి.

పన్నెండుమంది అమ్మాయిలు, కోచ్ మాస్టారు, నేను. డి.ఎ. పంచి అక్విటెన్స్ మీద సంతకాలు తీసుకోవడం, ట్రాక్ సూట్లు లెక్కపెట్టి వెనక్కి తీసుకోవడం, రాత్రి తొమ్మిదికల్లా గది గడియ వేయించడం నా పనులు. గ్రౌండులో సంగతులు మాస్టారివి. మూడో రోజు రాత్రి అందరూ పడుకున్నాక, జట్టులో బాగా కూతకెళ్లే అమ్మాయి నా మంచం పక్కన వచ్చి నిలబడింది. కూలికెళ్లే వాళ్లింటి పిల్ల. బరిలో తప్ప గొంతు పెగలని పిల్ల. "మేడమ్, రేపు మోకాలికి మాలిష్ సార్ చెయ్యొద్దని మీరు చెప్తారా?" అంది. ఎందుకని నేనడగలేదు. అర్థమైంది కాబట్టే అడగలేదు.

పొద్దున్నే మాస్టారితో, "ఆ అమ్మాయికి నెలసరండీ, ఇబ్బందిగా ఉందట, మాలిష్ కెప్టెన్ చేస్తుందిలెండి" అన్నాను. పచ్చి అబద్ధం. ఆయన కోప్పడలేదు. "అలాగా, అయితే రెస్టు తీసుకోనివ్వండి" అన్నాడు. ఆ రోజు ఆడిన ఏడుగురిలో ఆ పిల్ల లేదు. బయట కూర్చుని మోకాలికి తనే కట్టు కట్టుకుంటోంది. నావైపు చూడలేదు. మేం ఓడిపోయాం.

తిరిగొచ్చాక మేనేజర్ రిపోర్టు రాయాలి. ఒక పేజీ. 'జట్టు క్రమశిక్షణ, ప్రవర్తన: సంతృప్తికరం. కోచ్ సహకారం: సంతృప్తికరం.' రాసి సంతకం పెట్టాను. మరుసటి ఏడాది ఆ అమ్మాయి జట్టులో లేదు, కాలేజీలోనూ లేదు. పెళ్లయిందని ఎవరో అన్నారు. నేను గట్టిగా కనుక్కోలేదు.

తెలియక చేసిందిలే అని మీరు నన్ను వదిలెయ్యకుండా ఇంకో సంగతి కూడా చెప్పాలి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద సుప్రీంకోర్టు విశాఖ తీర్పు 1997 ఆగస్టులో వచ్చింది. దాని మీద మా ఊళ్లో జరిగిన సదస్సులో పేపరు చదివింది నేనే. ఆ పేపరు చదివిన మనిషీ, నెలసరి అబద్ధం చెప్పిన మనిషీ, సంతృప్తికరమని రాసిన మనిషీ ఒక్కరే. నాకు అధికారం లేదన్నది నిజం. నా సంతకం లేకుండా ఆ రిపోర్టు పూర్తయ్యేది కాదన్నదీ నిజమే. ఇన్నేళ్లూ మొదటి నిజాన్ని అడ్డం పెట్టుకుని రెండోదాన్ని చూడకుండా బతికాను. దాన్నే మేనేజ్ చెయ్యడం అంటారనుకుంటాను.

ఈ సంగతి నేను మొదటిసారి చెప్పింది మా అమ్మాయికే. (చెల్లెలి కూతుర్ని మా అమ్మాయి అనే అంటాను.) అదీ దానంతట అది రాలేదు. రెండో సెమిస్టరులో వాళ్లకి మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ కేసు పాఠంగా పెట్టారు. ఆ యూనివర్సిటీలో పనిచేసిన స్పోర్ట్స్ డాక్టరు లారీ నాసర్ వైద్యం పేరుతో వందలమంది అమ్మాయిల మీద అత్యాచారాలు చేశాడు. 2018 జనవరిలో అతనికి శిక్ష వేసేముందు 156 మంది కోర్టుకి తమ మాట వినిపించారు. ఆ ఏడాదే యూనివర్సిటీ 332 మందికి 50 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. ఇదంతా పేపర్లలో చదివిందే. నాకు తెలియనిది ఒకటి తను చెప్పింది. 1997లోనే ఇద్దరు జిమ్నాస్టు పిల్లలు ఒక మహిళా కోచ్‌కి ఈ సంగతి చెప్పామని తర్వాత చెప్పారట. ఆ కోచ్ తనకి గుర్తు లేదందట.

"గుర్తు లేకుండా ఎలా ఉంటుంది పెద్దమ్మా?" అని ఫోన్లో అడిగింది. నాకు గుర్తుందే అని నోటికొచ్చేసింది. ఇక ఆపలేకపోయాను. అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. ఏదో ఓదార్పు మాట అంటుందేమో అనుకున్నాను. "ఆ రిపోర్టు ఫారంలో అలాంటిది రాయడానికి కాలమ్ ఉందా?" అంది.

లేదు. పోగొట్టిన ట్రాక్ సూట్లకి కాలమ్ ఉంది, దీనికి లేదు.

"మా చదువంతా అదే. కాలమ్ పెట్టించడం. నీ ఒక్కదాని ధైర్యం మీద ఆధారపడకూడదు కదా" అంది. నా తప్పుని తేలిక చెయ్యడానికి అనలేదు. అలాంటి చోట ఒక మనిషి మంచితనం మీద పిల్లల్ని వదిలెయ్యడం అన్యాయం అన్నది తన ఉద్దేశం. ఇందులో చాలా నిజం ఉంది. మనం నీతిని ఎప్పుడూ మనిషి లోపల వెతుకుతాం. నేను పిరికిదాన్ని అని ఒప్పుకుంటే అక్కడితో కథ అయిపోతుంది, ఆ ఫారం మాత్రం అలాగే ఉంటుంది.

కానీ నేను పదేళ్లుగా మా కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీ అధ్యక్షురాలిని. 2013 చట్టం వచ్చాక ఆ కాలమ్ ఉంది. ఏడాదికోసారి నివేదిక పంపాలి. వచ్చిన ఫిర్యాదులు: నిల్. పరిష్కరించినవి: నిల్. పదేళ్ల నిల్ కింద నా సంతకాలున్నాయి. మీలో చాలామంది కాలేజీల్లో కూడా అంతేనని నాకు తెలుసు. తన పాఠంలో ఈ విషయం ఏ పేపర్లో ఉందో అడిగాను. 'రిస్క్ మేనేజ్‌మెంట్'లో ఉందట. ప్రమాదం ఎవరికి అని అడిగాను. కాసేపాగి "సంస్థకి" అంది. ఈసారి మాట్లాడకుండా ఉండటం నా వంతయింది.

ఇక్కడ ఇంకో చరిత్ర కూడా చెప్పుకోవాలి. ఆడవాళ్ల ఆటల్ని ఎప్పుడూ మగవాళ్లే నడిపారనుకుంటే పొరపాటు. అమెరికాలో 1971లో వ్యాయామవిద్య టీచరమ్మలు కలిసి కాలేజీ అమ్మాయిల ఆటల కోసం సొంత సంఘం పెట్టుకున్నారు. ఏ.ఐ.ఎ.డబ్ల్యు. అని పేరు. ఆట చదువులో భాగం, అంగడి సరుకు కాదన్నది వాళ్ల నమ్మకం. ఆట కోసం స్కాలర్‌షిప్పు ఇస్తే పిల్లని కొన్నట్టే అని దాన్ని నిషేధించారు. ఫ్లోరిడాలో టెన్నిస్ ఆడే అమ్మాయిలు 1973లో కోర్టుకెళ్లారు. అబ్బాయిలకిస్తున్న డబ్బు మాకెందుకివ్వరని. సంఘం దిగిరావాల్సి వచ్చింది. ఈ ముక్క చదివినప్పుడు నాకు ఆ టీచరమ్మల మీద గౌరవం కలిగింది. మనసు మాత్రం ఆ టెన్నిస్ పిల్లల వైపే వెళ్లింది. డబ్బుతో ఆట పాడవుతుందని చెప్పేవాళ్లకి నెలనెలా జీతం వస్తుంది మరి.

1972లో టైటిల్ నైన్ చట్టంతో అమ్మాయిల ఆటలకి డబ్బు రావడం మొదలైంది. అప్పటికి అక్కడి కాలేజీ మహిళా జట్లకి నూటికి తొంభైకి పైగా కోచ్‌లు ఆడవాళ్లే. మగవాళ్ల ఆటల్ని నడిపే ఎన్.సి.ఎ.ఎ. 1981లో మహిళల పోటీలు కూడా మొదలుపెట్టేసరికి ఏ.ఐ.ఎ.డబ్ల్యు. ఏడాది తిరక్కుండా చేతులెత్తేసింది. ఆడే అమ్మాయిల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. 2014 నాటికి వాళ్ల కోచ్‌లలో ఆడవాళ్లు నూటికి 43 మంది. డబ్బులేనప్పుడు చాకిరీగా ఉన్నది డబ్బొచ్చాక ఉద్యోగమైంది. వంట సంగతి మనకి తెలియనిదా, ఇంట్లో మనం, హోటల్లో వాళ్లు.

మన క్రికెట్టూ దాదాపు ఇదే దారి. 1973లో పెట్టిన మహిళా క్రికెట్ సంఘం కాలంలో అమ్మాయిలు రిజర్వేషన్ లేని రైలు పెట్టెల్లో వెళ్లి డార్మిటరీల్లో పడుకుని ఆడారు. 2006లో ఆ సంఘం బి.సి.సి.ఐ.లో కలిసింది. మహిళలకి బోర్డు కాంట్రాక్టులు 2015లో వచ్చాయి, పురుషులతో సమానంగా మ్యాచ్ ఫీజు 2022లో ప్రకటించారు, 2023లో డబ్ల్యు.పి.ఎల్. మొదలైంది. 2025 నవంబరు 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు ప్రపంచ కప్ గెలిచిన రాత్రి, కడప జిల్లా నుంచి వెళ్లిన శ్రీచరణిని టీవీలో చూస్తూ ఏడ్చిన వాళ్లలో నేనూ ఉన్నాను. అంచేత డబ్బు రాకుండా ఉంటే బాగుండేదని నా నోటితో నేను అనలేను. పాత పేదరికం పవిత్రమైందేం కాదు. నా కబడ్డీ పిల్లల పేదరికం నేను కళ్లారా చూశాను.

మరి కుర్చీలో ఆడవాళ్లు కూర్చుంటే సరిపోతుందా? దీనికి మన దగ్గరున్న జవాబు అంత సుఖమైంది కాదు. 2022 డిసెంబరులో పి.టి.ఉష భారత ఒలింపిక్ సంఘానికి మొదటి మహిళా అధ్యక్షురాలైనప్పుడు సంబరపడని వాళ్లెవరు? 2023 జనవరిలో మహిళా రెజ్లర్లు లైంగిక వేధింపుల ఆరోపణలతో జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. ఏప్రిల్‌లో మళ్లీ కూర్చున్నప్పుడు, వీధికెక్కడం క్రమశిక్షణ లేకపోవడమేనని ఆమె అన్నారు. మే నెలలో వెళ్లి వాళ్లని కలిశారు కూడా, అదీ చెప్పాలి. ఆ కూర్చున్నవాళ్లలో వినేశ్ ఫోగట్ ఒకరు. 2024 ఆగస్టు 7న పారిస్‌లో ఒలింపిక్ ఫైనల్ రోజు పొద్దున ఆమె బరువు 100 గ్రాములు ఎక్కువొచ్చింది. రాత్రంతా చెమటలు పట్టించి, జుట్టు కూడా కత్తిరించినా దిగలేదు. అనర్హురాలన్నారు. వైద్య బృందాన్ని జనం తప్పుపడుతుంటే ఉష, బరువు నిర్వహణ బాధ్యత క్రీడాకారిణిదీ, ఆమె కోచ్‌దీ అని ప్రకటించారు. నిర్వహణ! మా అమ్మాయి అమెరికా విమానం ఎక్కిన నెలే అది. ఉషని నిందించడానికి ఇది రాయడం లేదు. ఆవిడ చిన్నతనం నుంచీ ఎన్ని భరించి పరిగెత్తి ఉంటారో మనం ఊహించలేం. అన్నీ భరించినవాళ్లకే, భరించలేమని చెప్పేవాళ్లు క్రమశిక్షణ లేనివాళ్లుగా కనిపిస్తారేమో. 1998లో ఆ పిల్ల అర్ధరాత్రి వచ్చి అడిగినప్పుడు నాలో కూడా ఒక విసుగు కదిలింది. నాలుగు రోజులు ఓర్చుకోలేవా అని. ఇంతవరకూ ఆ విసుగు గురించి ఎవరికీ చెప్పలేదు.

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి ఇంటికొచ్చింది. ఇద్దరం గట్టిగా వాదించుకున్నది మాత్రం ఇవేవీ కాదు, నెలసరి గురించి. 2019 ప్రపంచ కప్ గెలిచిన అమెరికా మహిళల ఫుట్‌బాల్ జట్టు అమ్మాయిల నెలసరి వివరాలు ఒక యాప్‌లో నమోదు చేసి, దాన్ని బట్టి నిద్రా, తిండీ సర్దేవారట. మరుసటి ఏడాది చెల్సీ మహిళా జట్టు కూడా ఆ పద్ధతి తెచ్చింది. తను ఇంటర్న్‌షిప్ చేసిన జట్టులోనూ ఉందట. రోజూ పొద్దున అమ్మాయిలు ఫోన్లో నొక్కుతారు. కోచింగ్ సిబ్బంది ముందు పచ్చ, పసుపు, ఎరుపు చుక్కలుగా కనిపిస్తుంది. క్రీడాశాస్త్రమంతా మగ శరీరం కొలతల మీద నడిచింది, మా శరీరాన్ని ఇన్నాళ్లకి ఎవరో పట్టించుకున్నారని తను ఉత్సాహంగా చెప్తోంది. మైల అని మూల కూర్చోబెట్టిన చోటినుంచి ఇక్కడికి రావడం చిన్న సంగతి కాదని నాకూ తెలుసు.

"మరి నేనైతే ఆ రోజు ఆ అబద్ధం ఎలా చెప్పేదాన్నే?" అన్నాను.

తనకి అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను. ఆ పిల్లని ఆ ఒక్క పూట కాపాడింది నెలసరి పేరు చెప్పి నేనాడిన అబద్ధం. మగవాడు ఇంకో ప్రశ్న వెయ్యలేని చోటు అదొక్కటే. ఆడవాళ్లం తరతరాలుగా ఆ చాటున ఎన్ని దాచుకున్నాం! ఒళ్లు బాగాలేదని చెప్పి తప్పించుకున్న పనులు, తప్పించుకున్న రాత్రులు. ఇప్పుడా చాటు తెర మీద పసుపు చుక్క. ఆ చుక్క ఎవరిది? అమ్మాయి జట్టు మారితే ఆ లెక్కలు ఎవరి దగ్గర ఉంటాయి? కాంట్రాక్టు మీద సంతకం పెట్టే పిల్ల, నా వివరాలు ఇవ్వను అనగలదా?

"అబద్ధం అవసరం లేకుండా చెయ్యాలి పెద్దమ్మా. అబద్ధానికి చోటు మిగల్చడం కాదు" అంది.

"రెండూ ఒకేసారి జరగవు. అవసరం పోకముందే చోటు పోతుంది."

"నీ చోటు ఆ అమ్మాయిని బెంచీ మీద కూర్చోబెట్టింది కదా" అంది మెల్లగా.

నిజమే. నా అబద్ధం ఆమెను మాలిష్ నుంచి తప్పించింది, ఆట నుంచీ తప్పించింది. ఆయనకి తెలిసే ఆ రెస్టు ఇచ్చాడని నాకు ఆ రోజే తెలుసు. కూతకెళ్లే పిల్ల నోరు విప్పినందుకు పడ్డ శిక్ష అది. దానికి నెలసరి పేరు పెట్టి ఇచ్చింది నేను. తను దీన్ని ఎత్తిచూపినందుకు ఆ పూట కోపమొచ్చి లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఈ కోపంలో సగం, ఆ చదువు తనకి ఏదో నేర్పిందని ఒప్పుకోవలసి రావడం.

మిగతా సగం ఇంకా ఉంది. ఓమాలీ అడిగిన మనిషి తయారవుతూనే ఉంటాడు. ఆ మనిషి ఆడదైనంత మాత్రాన ప్రశ్న మారదు. ఆడే అమ్మాయి వచ్చి, నన్ను ఆడించడానికి ఎలాంటి మనిషి కావాలో నన్నడుగుతారా అంటే ఏ యూనివర్సిటీ కోర్సు పెడుతుంది? ఈ మాటే అడిగాను. "నువ్వే పెట్టు పెద్దమ్మా, రిటైరయ్యాక" అని నవ్వింది. 2025లో పార్లమెంటు క్రీడా పాలన చట్టం చేసిందనీ, సమాఖ్యల కార్యవర్గాల్లో మహిళలకి చోటు తప్పనిసరి అయిందనీ, ఇక్కడికే వచ్చి పనిచేస్తాననీ అంది. పొలం మీద అప్పు రూపాయల్లో తీరదని వాళ్ల నాన్న అన్నాడు. ఆ వాదన ఇంకా నడుస్తోంది.

వెళ్లేముందు నాకో ఫారం ఇచ్చింది. తన థీసిస్ ఏమిటో తెలుసా, మన యూనివర్సిటీల ఆడపిల్లల జట్ల వెంట వెళ్లిన లేడీ మేనేజర్లు. "నిన్ను లెక్కలోకి తీసుకోకూడదు, బంధువువి. ప్రశ్నలు సరిగ్గా అర్థమవుతున్నాయో లేదో నింపి చూడు చాలు" అంది. 22 ప్రశ్నలు. పేరు రాయనక్కర్లేదు, సంస్థ పేరు అడగరు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చని మొదటే రాసుంది. ఆ మర్యాద నాకు నచ్చింది. 14వ ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. 'పర్యటనలో క్రీడాకారిణులెవరైనా మీకు ఫిర్యాదు చేశారా? అవును / లేదు.'

ఆ పిల్ల ఫిర్యాదు చెయ్యలేదు. సార్ చేత వద్దని చెప్తారా అని అడిగింది, అంతే. ఆ లెక్కన 'లేదు' అనే పెట్టాలి. నా పదేళ్ల నిల్ కూడా అలాంటిదేనేమోనని అప్పుడు తట్టింది. స్టాఫ్ రూం గుమ్మం దాకా వచ్చి, "ఏం లేదు మేడమ్" అని వెనక్కి వెళ్లిపోయిన పిల్లలు ముగ్గురో నలుగురో గుర్తొచ్చారు. వాళ్లలో ఇద్దరు ఇంకా మా కాలేజీలోనే చదువుతున్నారు.

ప్రశ్న మార్చమని మా అమ్మాయికి రాశాను. 'మిమ్మల్ని ఎవరైనా ఏమైనా అడిగారా, మీరేం చేశారు' అని పెట్టమన్నాను. అలా పెడితే జవాబులు ఒక్కొక్కటీ పేజీలకి పేజీలు వస్తాయి, లెక్కకట్టడం కుదరదు, గైడుని అడగాలి అని రాసింది. ఇంకా ఆయన ఏమీ చెప్పలేదట.